ఏమీ చేయని బుడిపె

నేను ఒక ఎముక బుడిపెను. సుగుణ ఎడమ మోకాలి వెనుక, తొడ ఎముక చివర పుట్టాను. ఆ పిల్ల ఎదిగినన్నాళ్లూ నేనూ ఎదిగాను. ఆమె తాగిన చోడి అంబలిలో నా వాటా నేను పుచ్చుకున్నాను.

పట్నం డాక్టరు ఎక్స్‌రే చూసి, "క్యాన్సర్ కాదమ్మా. ఏమీ చేయదు, పడుండనీ" అన్నాడు. ఆ ఆనందంలో తల్లి ఎర్నమ్మ అమ్మవారికి కోడిని కోయించింది. నా మూలంగా కత్తి పడిన మొదటి ప్రాణి ఆ కోడే.

సుగుణకు కానిస్టేబుల్ కావాలని పిచ్చి. పరుగు పరీక్ష కోసం రోజూ ఇసుకలో పరుగెత్తేది. కాలు మడిచిన ప్రతిసారీ నా మొన పక్కనున్న పెద్ద రక్తనాళాన్ని గీకేది. నాకేం పగ? ఉన్నచోట ఉన్నాను. చివరికి నాళానికి చిల్లు పడింది. కారిన రక్తం కండల మధ్య నిమ్మకాయంత ఉబ్బుగా నిలిచి, గుండెతో పాటే కొట్టుకోసాగింది.

"బెణికినట్టుంది. కాపడం పెడితే దిగిపోద్ది" అని ఎర్నమ్మ ఆముదపాకు వెచ్చచేసి అద్దింది. దిగలేదని మరింత కాల్చి అద్దింది. చర్మం ఎర్రగా కమిలిపోయింది. కన్నతల్లి ప్రేమ నాకు బాగా కలిసొచ్చింది.

ఊరికి దగ్గర్లోని ఆసుపత్రి అత్యవసర విభాగంలో డ్యూటీ డాక్టరు ఆ ఎరుపు చూశాడు. "చీముగడ్డ. పండిపోయింది, గాటు పెట్టేద్దాం."

"అక్కడ ఎముక బుడిపుంది సార్. ఏటీ సెయ్యదన్నారు" అంది సుగుణ.

"మరింకేం!" అన్నాడాయన.

ఉబ్బు మీద రెండు వేళ్లు ఆనిస్తే నాడి తగిలేది. ఆనించలేదు. కత్తి దించాడు.

చీము రాలేదు. నెత్తురు ఎగజిమ్మి ఆయన కళ్లజోడు మీద పడింది. "సార్, వచ్చే నెల నా పరుగుంది" అంటూనే సుగుణ స్పృహ తప్పింది. తొడకు పట్టీ బిగించి కట్టి పట్నం పంపారు. ప్రాణం దక్కింది. కాలు మాత్రం రక్తం అందక దారిలోనే చల్లబడిపోయింది. మోకాలి పైనుంచి, నాతో సహా కోసేశారు.

ఇప్పుడు వైద్య కళాశాలలో గాజుసీసాలో ఉన్నాను. "చాలా అరుదైన కేసు, పరీక్షలో అడుగుతారు" అంటాడు మాస్టారు. పిల్లలు శ్రద్ధగా రాసుకుంటారు.

కట్టుడు కాలు కొలతలకు వచ్చినప్పుడు సుగుణ నన్ను చూస్తానని బతిమాలింది. చంకకర్రల మీద నిలబడి, సీసాకు ముఖం ఆనించి చాలాసేపు చూసింది.

"ఇంతేనా?" అంది.

అంతే, పిల్లా.