సూర్యకళ నల్ల దుప్పటి

పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో అప్పాజీ తన భార్యను ఒక్కసారైనా తిన్నగా ఫొటో తీసిన పాపాన పోలేదు. అడిగితే "నీ మొహంలో బాధ లేదు సూర్యకళా" అనేవాడు. ఆయన్ని కట్టుకున్నాక కూడా బాధ కనపడటం లేదంటే కెమెరాదే లోపమని ఆవిడ సరిపెట్టుకుంది.

ఆయనకి కావలసిన బాధంతా ధవళేశ్వరం కాలవగట్టు మీద దొరికింది. అక్కడి పాకల వాళ్లను నిలబెట్టి, వెనకాల సూర్యకళ నల్ల దుప్పటి కట్టి, మొహం ఒక్కటే కనపడేలా తీసేవాడు. కాకినాడలో ఎగ్జిబిషన్ పెట్టాడు. చేపలమ్మే లోవమ్మ మొహాన్ని తలుపంత చేసి, కింద ‘పేరు లేని వేదన’ అని రాయించాడు.

ఆ వారమే గట్టు మీద వాకింగ్ ట్రాక్ వేస్తామంటూ కాంట్రాక్టరు, వెనకే ఆఫీసరు దిగారు. "ఇక్కడ కాపురాల్లేవు. ఉన్నవి ఖాళీ పాకలు. సోమవారం పీకేస్తాం" అన్నాడు ఆఫీసరు. పాకలు పీకేవాడికి మనుషులు కనపడరు. వాళ్ల కింది నేల మాత్రం గజాల్లో కనపడుతుంది.

లోవమ్మ, పక్క పాక పాపాయమ్మ కాపురాలున్నాయనడానికి సాక్ష్యంగా అప్పాజీ తీసిన తమ ఫొటోలు తీసుకెళ్లి ఆఫీసరు బల్ల మీద పెట్టారు. ఆయన తిప్పితిప్పి చూశాడు.

"మొహం నీదే. మరి ఇల్లేదీ? వెనకంతా చీకటేగా!"

ఆ సాయంత్రం నలభైమంది ఆడాళ్లు అప్పాజీ వాకిట్లో బైఠాయించారు.

"ఇరవయ్యేళ్ల కాపురాన్ని దుప్పటేసి మూసేశావయ్యా!" అంది లోవమ్మ.

"అది ఆర్ట్ అండీ. వెనకాల సామాను కనపడితే చూపు మొహం మీద నిలవదు."

"మా సామానేం పాపం చేసింది? పైగా నాకు పేరే లేదని రాశావంట! లోవమ్మా, చేపలేవీ అని మీ ఆవిడ రోజూ కేకేసేది ఎవర్నయ్యా?"

సూర్యకళ నవ్వు కనపడకుండా లోపలికెళ్లింది. దుప్పటి తెచ్చి అందరి ముందూ బకెట్లో ముంచింది.

"ఇది ఆరేసరికి మూడ్రోజులు పడుతుందండీ. సోమవారం ఉత్త కెమెరాతోనే బయల్దేరండి."

సోమవారం పొక్లెయిన్, దాని వెనకే పోలీసు జీపు వచ్చాయి. నలభై గడపల్లోనూ మనుషులు నిలబడ్డారు. వెనక రాజుకుంటున్న పొయ్యిలు, దండేల మీద బట్టలు, గోడలకు కరెంటు మీటర్లు. చేతుల్లో పలకలు, వాటి మీద బడిపిల్లలు రాసిన పేర్లు. ఎస్సై లోవమ్మ రెక్క పట్టుకుని జీపు వైపు లాగాడు. నలభైమందీ జీపును చుట్టేశారు.

"ఎక్కిస్తే అందర్నీ ఎక్కించు! పట్టకపోతే లారీ తెప్పించుకో!" అంది పాపాయమ్మ.

భార్యతో కలిసి కెమెరా పట్టుకుని వచ్చిన అప్పాజీ వైపు తిరిగి కాంట్రాక్టరు నవ్వాడు. "మీరు పెద్ద ఆర్టిస్టు కదండీ, మీరే చెప్పండి. మీ ఫొటోల్లో ఎక్కడైనా ఇళ్లున్నాయా?"

అప్పాజీ భార్య వైపు చూశాడు. ఆవిడ చెయ్యందించలేదు. లోవమ్మ పక్కకెళ్లి నిలబడింది.

"లేవు" అన్నాడాయన గట్టిగా, గట్టంతా వినపడేలా. "నేనే దాచేశాను. తప్పు నాది. ఈవిడ పేరు లోవమ్మ. ఆ వెనక కనపడేది ఆవిడ ఇల్లు."