పురుటికి నాన్న ప్రయాణం

ఉప్పుని థాయ్ భాషలో క్లువా అంటారని మా ఆయనకి తెలుసు. మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో మాత్రం తెలియదు. పొద్దున్నే స్టవ్ ముందు నిలబడి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, క్లువా క్లువా అని జపం చేస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. చేతికర్ర నేలకేసి కొట్టాను.

"ఉప్పు మీ ఎదురుగానే ఉందండీ. ఆ స్టీలు డబ్బా."

"అన్నీ స్టీలు డబ్బాలే కదే. దేని మీదా పేరు రాసి లేదు."

"అక్కడి డబ్బాల మీద రాసి ఉంటే చదివేస్తారా?"

ఆయన ఒక మూత తీసి, వేలు ముంచి, నాలుక మీద పెట్టుకున్నారు. అది పంచదార. అయినా తప్పు ఒప్పుకోకుండా, పంచదారని థాయ్‌లో ఏమంటారో వెతకడం మొదలుపెట్టారు. ఇలాంటి మనిషిని నేను నా కూతురి పురుటికి పంపిస్తున్నాను.

అసలు వెళ్ళాల్సింది నేను. అది కూడా కాదు, అసలు అమ్మాయే నూజివీడు రావాలి. మా హాసిని, అల్లుడు రవితేజ మూడేళ్ళుగా థాయ్‌లాండ్‌లో ఉంటున్నారు. అతను అక్కడ కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఇంజినీరు. ఏడో నెలలో పురుటికి వస్తానంటే, అది వచ్చేసరికి నా కాళ్ళు సరిగ్గా ఉండాలని తొందరపడి మార్చిలో మోకాలు మార్పించుకున్నాను. పసిబిడ్డకి నీళ్ళు పోయాలంటే కాళ్ళు చాపుకుని కూర్చోగలగాలి కదా. తీరా నా కుట్లు విప్పే వేళకి అమ్మాయికి బీపీ వచ్చింది, విమానం ఎక్కడానికి వీల్లేదని అక్కడి డాక్టరు తేల్చేశాడు. నన్నేమో ఇంకా రెండు నెలలు ఎక్కడికీ కదలొద్దని ఇక్కడి డాక్టరు ఆపేశాడు. అల్లుడికి తల్లి లేదు. ఇంక మిగిలింది మా ఆయన, లక్ష్మీనరసింహారావు గారు. బంగినపల్లి కాయని చెట్టు మీద చూసి ఎన్ని రోజుల్లో పండుతుందో చెప్పగలరు కానీ, పెసరపప్పుకీ కందిపప్పుకీ తేడా అడిగితే నా వైపు చూస్తారు.

"నేను వెళ్తాను," అని ఆయనే అన్నారు. కోతలు మొదలయ్యే రోజుల్లో తోటని పాలేరు గంగరాజు చేతిలో పెట్టి వెళ్తానన్నారు. ఆ మాటకి నేను సంతోషించాలి. నాకు మాత్రం కోపం వచ్చింది. నా పని ఆయన చెయ్యడమేంటని కోపం, చెయ్యలేరని భయం. రెండిట్లో ఏది ఎక్కువో నాకే తెలియలేదు.

అప్పటినుంచి ఇంట్లో థాయ్ మొదలైంది. అక్కడ బజారులో ఎవరికీ ఇంగ్లిషు సరిగ్గా రాదని, అల్లుడు డ్యూటీకి వెళ్తే కూరగాయలకీ మందులకీ తనే వెళ్ళాలని ఆయన వాదన. నిజమే. కానీ నేర్చుకునే తీరు చూడాలి. మజ్జిగ పోస్తుంటే మంచినీళ్ళని నామ్ అంటారని చెబుతారు. అన్నం వడ్డిస్తే ఖావ్ అంటారు. అల్లం ఖింగ్, జీలకర్ర యీరా. మామిడిపండు మమువాంగ్ అని తెలిసిన రోజు ఆయన ఆనందం చెప్పలేను. "మామిడి, మమువాంగ్. చూశావా, మన తోటలోంచే వెళ్ళుంటుంది," అని మైలవరం నుంచి వచ్చిన పండ్ల వ్యాపారికి కూడా చెప్పారు. అతను బేరం మధ్యలో ఇదేం గొడవరా అన్నట్టు నన్ను చూశాడు.

అందులో నాకు నచ్చింది ఒకటే ఒకటి. వాళ్ళకి మన 'అండీ' లాంటి మాట ఒకటుంది, మగవాళ్ళు ప్రతి మాట చివరా ఖ్రాప్ అనాలట. అలవాటు కావాలని ఈయన నన్ను కూడా "నామ్ ఖ్రాప్" అని నీళ్ళడగడం మొదలుపెట్టారు. కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళకి నాకూ ఒక అండీ దక్కింది, అదీ పరాయి దేశం నుంచి దిగుమతి.

మాటలు వస్తున్నాయి కానీ వస్తువులు రావడం లేదు. యీరా అని గడగడా అంటారు, జీలకర్ర తెమ్మంటే సోంపు తెస్తారు. శొంఠి పొడి చెయ్యడం చూపిద్దామని నేను కుర్చీలో కూర్చుని చెబుతుంటే, మిక్సీ మూత పెట్టకుండా నొక్కారు. వంటిల్లంతా శొంఠి. ఇద్దరం తుమ్ముతూ కూర్చున్నాం. "తుమ్ముని ఏమంటారో," అని ఆయన ఫోన్ తీయబోతే, కర్ర విసిరికొడతానన్నాను.

ఇవన్నీ ఎలాగో ఒకలాగ గడుస్తాయి. పథ్యం వండలేకపోతే బ్రెడ్డన్నా పెడతారు. నా అసలు బాధ వేరే ఉంది. మా ఇంట్లో తండ్రీకూతుళ్ళు నేరుగా మాట్లాడుకున్నది చదువు గురించి, తోట గురించి, టీవీ గురించి. మిగతావన్నీ నా మీదుగానే నడుస్తాయి. హాసిని పెద్దమనిషి అయినప్పుడు ఫంక్షన్ అయ్యేదాకా ఈయన తోటలో షెడ్డులోనే పడుకున్నారు. కడుపునొప్పితో అది స్కూలు మానేస్తే, "అమ్మాయికేమైంది?" అని నన్ను అడిగేవారు. జ్వరమని చెప్పేదాన్ని. ఆయనకి తెలుసు, నాకు తెలుసు, జ్వరం కాదని. కడుపుతో ఉన్న సంగతి కూడా అది నాకు చెబితే నేను ఆయనకి చెప్పాను. "మంచిది," అని లేచి పంపు సెట్టు చూసి రావడానికి వెళ్ళారు.

ఇలాంటి మనిషి బాలింతని ఏమడుగుతారు? అదేం చెబుతుంది?

అందుకే ఒకరోజు ఎదురుగా కూర్చోబెట్టాను. "చూడండి, ఇప్పటినుంచీ అమ్మాయిని రోజూ అడగాల్సినవి ఉన్నాయి. తలనొప్పి ఉందా, కళ్ళు మసకేస్తున్నాయా, కాళ్ళు వాచాయా. బీపీ ఉన్నవాళ్ళకి ఇవి వస్తే ఆగకూడదని డాక్టరు చెప్పాడు. కాన్పయ్యాక పాలు పడుతున్నాయా, కుట్లు ఎలా ఉన్నాయి, రక్తం ఎక్కువ పోతోందా..."

"జి. కొండూరు నుంచి కాయల ట్రేలు వచ్చుంటాయి," అని లేచారు.

"కూర్చోండి."

"ప్రమీలా, ఆడపిల్లని అవన్నీ నేనెలా అడుగుతానే?"

"మీరు అడగకపోతే అది చెప్పదు. ఎలా ఉన్నావంటే బానే ఉన్నానంటుంది. మీరు మంచిది అంటారు. ఏదైనా అయితే నేనిక్కడ ఈ కుర్చీలో కూర్చుని ఏడవాలి."

ఆయన తల వంచుకుని వెళ్ళిపోయారు. కానీ ఆ సాయంత్రం నుంచే ఫోన్‌లో ఆసుపత్రి మాటలు వినడం మొదలుపెట్టారు. నాకు వింతగా అనిపించిందేంటంటే, తెలుగులో నోరు పెగలని ఈ మనిషికి థాయ్‌లో సిగ్గే లేదు. కోత దగ్గర కాయలు దించే వల చిక్కాలు పట్టుకున్న మనుషుల మధ్య నిలబడి, రక్తం అనే మాటని లువత్, లువత్ అని గట్టిగా పలుకుతూ కాయల్ని ట్రేల్లో సర్దించారు. గంగరాజైతే అదేదో కొత్త రకం మామిడి అనుకున్నాడు.

రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో హాసిని ఆయనకి పలకడం సరిదిద్దుతుంది. ముందు నా వంతు, తర్వాత పాఠం. నా వంతు ఎప్పుడూ ఒక్కటే.

"ఎలా ఉన్నావే?"

"బానే ఉన్నానమ్మా. నీ కాలెలా ఉంది?"

"నా కాలికేం. బీపీ చూసుకున్నావా?"

"చూసుకున్నా. బానే ఉంది. నాన్నకివ్వు."

మొన్న మంగళవారం కూడా అంతే అయింది. ఫోన్ ఆయన చేతికిచ్చి నేను వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఈయన కళ్ళజోడు సర్దుకుని, పరీక్షకి వెళ్ళే కుర్రాడిలా నిటారుగా కూర్చుని మొదలుపెట్టారు. కాళ్ళు వాచాయా అనే ప్రశ్న ముందు అడిగారు. హాసిని ఏదో చెప్పింది. ఆ తర్వాతది నాకు కూడా వినీ వినీ నోటికొచ్చేసింది, తలనొప్పిగా ఉందా అని.

"పువత్ హువా మై ఖ్రాప్?"

రోజూ అయితే ఈ హువా దగ్గర అమ్మాయి ఆపేస్తుంది. గొంతు పైకి లాగు నాన్నా, ఇంకొంచెం, అని నవ్వుతుంది. ఆ వేళ ఆపలేదు. చిన్నగా, "పువత్," అంది.

"సరిగ్గా పలికానా అమ్మా?"

"బాగా పలికావు నాన్నా."

"మరి..."

"పువత్," అంది మళ్ళీ.

ఈయన ఫోన్‌ని మొహానికి దగ్గరగా తెచ్చుకున్నారు. ఇంకేదో అడిగారు, తడుముకుంటూ, థాయ్‌లోనే. అది "సీ వన్" అంది. ఆయన వేళ్ళు లెక్కపెట్టుకున్నారు. కళ్ళని చూపిస్తూ మరో మాట అడిగారు. దానికీ అది జవాబు చెప్పింది.

"ఏంటండీ, పాఠం ఇవాళ ఇంత నెమ్మదిగా సాగుతోంది?" అన్నాను.

ఆయన చెయ్యెత్తి నన్ను ఆగమన్నారు. నన్నెప్పుడూ అలా ఆపలేదు. తర్వాత తెలుగులో, చాలా మామూలుగా, "రవితేజని పిలువు తల్లీ. ఇద్దరూ ఇప్పుడే ఆసుపత్రికి బయల్దేరండి. బట్టలు అవీ తర్వాత చూసుకుందాం," అన్నారు.

నా ఒళ్ళోని చిక్కుడుకాయలు కింద పడ్డాయి. పువత్ అంటే నొప్పిగా ఉందని, సీ వన్ అంటే నాలుగు రోజులని అప్పుడు చెప్పారాయన. నాలుగు రోజులుగా తలనొప్పి, ఆ పొద్దుటి నుంచి కళ్ళ ముందు మసక. నాలుగు రోజులూ నేను అడిగాను. నాలుగు రోజులూ బానే ఉన్నానంది. ఫోన్ లాక్కుని అరిచాను.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు ఆ కాలితోనే విమానం ఎక్కేస్తావమ్మా."

ఎక్కేసేదాన్నే.

ఆసుపత్రిలో చేర్చుకున్నారు. బీపీ బాగా ఎక్కువగా ఉందట, ఇంకొక్క రోజు ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమన్నారట. ముందు బీపీ దించి, ఆపరేషన్ చేసి బిడ్డని తీస్తామన్నారు. అల్లుడు ఈయన టికెట్‌ని మర్నాటికి మార్చాడు. ఆ పూటంతా నేను ఆయన్ని తిడుతూనే ఉన్నాను. జీలకర్ర తెలియదని తిట్టాను, బట్టలు మడతపెట్టడం రాదని తిట్టాను. ఆయన నేను చూపించినవన్నీ పెట్టెలో పెట్టుకున్నారు.

బయల్దేరే ముందు హాసిని ఆసుపత్రి మంచం మీద నుంచి ఫోన్ చేసింది. మొహం ఉబ్బి ఉంది. చేతికి సూది. ముందు నేనే అడిగాను.

"ఎలా ఉన్నావే?"

"బానే ఉన్నానమ్మా," అంది వెంటనే.

తొమ్మిది నెలలు మోసి కన్నదాన్ని. దాని జ్వరాలన్నీ నా చేత్తో చూసినదాన్ని. ఆ ఒక్క మాట దగ్గర నేను ఎంత బయట నిలబడ్డానో అప్పుడు తెలిసింది. కోపమే వచ్చింది, కాదంటే అబద్ధం. ఫోన్‌ని ఆయన చేతిలో పెట్టాను.

"నాతో అయితే ఇలాగే అంటుంది. మీరు అడగండి. ఆ భాషలోనే అడగండి."

ఆయన నా వంక ఒకసారి చూసి, ఫోన్‌ని ఇద్దరికీ కనిపించేలా పట్టుకుని అడిగారు. ఈసారి హువాని ఎంత పైకి లాగాలో అంతా లాగారు. అమ్మాయి కళ్ళు మూసుకుని, ఆలోచించి, నెమ్మదిగా చెప్పింది.

"మై పువత్ లేఓ."

"ఇప్పుడు తగ్గిందట," అన్నారు నాతో.

"నిజంగానేనా?"

"నిజమే. ఆ భాషలో అది నాకు అబద్ధం చెప్పదు."

ఏడుపొచ్చింది. పైట చెంగుతో మొహం తుడుచుకుని, కుర్చీ ఆయన పక్కకి జరుపుకున్నాను.

"సరే, కాళ్ళ వాపు సంగతి కూడా అడగండి," అన్నాను.