పెంచలరెడ్డి నవ్విన బొమ్మ

మా నాయన నవ్వితే నేను చూసినాను అని సుబ్బరత్నమ్మ ఎన్నిసార్లు చెప్పినా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. అట్లా చెప్పినప్పుడల్లా పిల్లలు గోడ మీది పటం వంక చూసేవాళ్లు. అందులో పెంచలరెడ్డి మెలేసిన మీసంతో, భుజాన జరీ కండువాతో, చేలో పడ్డ గొడ్డును చూసినట్టు చూస్తూ ఉంటాడు. ఉదయగిరి పక్కన పల్లెకు ఏళ్ల తరబడి ప్రెసిడెంటుగా చేసిన మనిషి. ఆయన వీధిలోకి వస్తున్నాడంటే అరుగుల మీద వాళ్లు లేచి నిలబడేవాళ్లు.

మొన్న ఎండాకాలంలో ఆత్మకూరులో, డిగ్రీ చదివే మనవరాలు నవ్యశ్రీ ఫోను చూస్తూ చూస్తూ తలెత్తింది.

"అవ్వా, మీ ఊరికొచ్చిన ఆ బొమ్మల దొరసాని పేరేంది?"

"ఎల్సీ. ఎల్సీ హార్‌గ్రోవ్. ఎందుకు?"

"ఊరికే వెతుకుతా ఉండా" అంది నవ్యశ్రీ.

ఆ పేరు నోటికి రాగానే సుబ్బరత్నమ్మకు పదిహేడేళ్ల వయసు తిరిగొచ్చినట్టయింది.

ఆ ఏడు కార్తీకం పోయినాక, పొద్దున్నే కొండ మీద మంచు ఇంకా విడవకముందే, ఎల్సీ సుబ్బరత్నమ్మ వాళ్లింటి ముందు నిలబడింది. యాభై దాటిన మనిషి. తెల్లజుట్టు, రంగు మరకల చొక్కా. ఆమెది ఆస్ట్రేలియా. తండ్రి గూడూరు దగ్గర అభ్రకం గనుల్లో ఇంజనీరుగా పనిచేశాడు. తల్లి అక్కడే జ్వరంతో పోతే, ఈ పల్లె నుంచి పనికి పోయిన ఆదిశేషమ్మ ఆ పసిబిడ్డను చంకనేసుకుని పెంచింది. తొమ్మిదేళ్లప్పుడు ఎల్సీని ఓడెక్కించి అమ్మమ్మ దగ్గరికి పంపేశారు. ఆమె తెలుగు ఆ తొమ్మిదేళ్ల దగ్గరే ఆగిపోయింది. గారు, అండి ఆమెకు తెలియవు.

నాయన అరుగు మీద కూర్చుని కూలీలకు పనులు పురమాయిస్తున్నాడు. ఎల్సీ నేరుగా ఆయన ముందుకు వెళ్లింది.

"ఒరే, ఆదిశేషమ్మ ఇల్లు ఏడుండాదిరా?"

కూలీలు తలలు వంచేశారు. తలుపు చాటు నుంచి సుబ్బరత్నమ్మ తొంగిచూసింది. నాయన మీసం కదిలింది. ఆ తర్వాత ఆమె ఎన్నడూ వినని చప్పుడొకటి ఆయన గొంతులోంచి వచ్చింది. నవ్వుతున్నాడు. కండువా జారిపోతున్నా పట్టించుకోకుండా నవ్వుతున్నాడు.

"మా అమ్మ పోయినాక నన్ను ఒరే అన్నోళ్లు లేరు" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. ఆ సాయంత్రం కూతుర్ని పిలిచి, "ఆమెకు మర్యాదలు నేర్పబాకు" అని గట్టిగా చెప్పాడు.

ఆదిశేషమ్మ అప్పటికే చనిపోయి చాన్నాళ్లయింది. ఎల్సీ ఆ గుమ్మం ముందు కాసేపు కూర్చుని వచ్చింది. వెంటనే వెళ్లిపోతుందనుకున్నారు. పోలేదు. ట్రావెలర్స్ బంగళాలో దిగి, "నీ బొమ్మేస్తా పెంచలా" అని నాయన వెంటపడింది.

రోజూ పొద్దున వసారాలో ఆయన్ను కూర్చోబెట్టేది. మొదట్లో నాయన కొయ్యలాగా బిగుసుకుపోయేవాడు. ఆయన్ను కదిలించడానికి ఆమె తన కథలు చెప్పేది. మజ్జిగ ఇచ్చే వంకతో సుబ్బరత్నమ్మ అక్కడే నిలబడిపోయేది. ఎల్సీకి చిన్నప్పటి నుంచి మనుషుల మొహాలంటే పిచ్చి అట. బొమ్మల బడిలో చదివి, యుద్ధంలో గాయపడ్డ సిపాయిలకు ఆస్పత్రిలో కూర్చుని బొమ్మలేసిందట. వాళ్ల అమ్మలకు పంపడానికి. ఆ తర్వాత పేరొచ్చింది, ప్రైజొచ్చింది, పెద్దోళ్లంతా ఆమె వాకిట్లో కాచుకున్నారు.

"జడ్జీలకేసినాను, మిల్లు ఓనర్లకేసినాను. ఒకడు గడ్డం కింద కండ తీసెయ్ అంటాడు. ఇంకోడి పెళ్లాం ముక్కు చిన్నది చెయ్ అంటాది. ముప్పై ఏళ్లు ఊళ్లో వాళ్ల ముక్కులన్నీ చెక్కినానురా పెంచలా. ఇంటికి పోతే నా ముక్కు కూడా చిన్నదైపోయిందేమోనని అద్దం చూసుకుంటా ఉంటి."

నాయన పగలబడి నవ్వాడు. ఎల్సీ మాట ఆపేసి కుంచె పట్టుకుంది.

బొమ్మ పూర్తయిన రోజు నాయన దాని ముందుకొచ్చి నిలబడ్డాడు. నోరంతా తెరిచి, పైపళ్ల సందు కనబడేట్టు, కళ్లు మూసుకుపోయి నవ్వుతున్న పెంచలరెడ్డి.

"బాగుండాది" అన్నాడు. "కానీ ఇది నా ఇంట్లో ఉంటే రేపట్నించి నా మాట ఎవడు వింటాడు?"

"నువ్వు కూడా జడ్జీ లాంటోడివే పోరా" అంది ఎల్సీ. కోపం మాత్రం పడలేదు. బొమ్మను గోనెపట్టాలో చుట్టుకుని నెల్లూరు బస్సెక్కింది. నాయన బస్సు కనబడినంతసేపూ రోడ్డు మీదే నిలబడ్డాడు. మరుసటి నెల ఆత్మకూరు పోయి, ఫోటో చూసి బొమ్మలేసే ఆయన చేత, మెలేసిన మీసంతో ఆ గోడ మీది పటం వేయించుకొచ్చాడు. ఆ ఏడే సుబ్బరత్నమ్మకు పెళ్లయింది. నాయన మళ్లీ అట్లా నవ్వగా ఆమె చూడలేదు.

"అవ్వా, ఇట్రా" అంది నవ్యశ్రీ. వెతుకుతున్న పేరు ఫోన్లో దొరికింది.

ఆస్ట్రేలియాలో ఎక్కడో ఎల్సీ బొమ్మలన్నీ ఒకచోట చేర్చి చూపిస్తున్నారట. నవ్యశ్రీ చదివి తెలుగులో చెప్పింది. ఇండియా నుంచి తిరిగెళ్లాక ఆమె పెద్దోళ్లకు బొమ్మలేయడం మానేసింది. ట్రాము కండక్టరుకూ, చేపలమ్మే ఆమెకూ, ఆస్పత్రి ఊడ్చే ఆమెకూ వేసుకుంటూ ముసలితనం గడిపింది. అప్పట్లో ఎవరూ కొనలేదు. ఆమె పోయాక మేనకోడలు ఆ ఇల్లు తెరిచి చూస్తే గోడల నిండా మొహాలే. ఆమె పడకగదిలో మాత్రం ఒకటే ఉంది. కింద 'పెంచల, ఉదయగిరి' అని రాసి ఉంది.

సుబ్బరత్నమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. పళ్ల సందు. జారిన కండువా. బొమ్మ అంచున, స్తంభం పక్కన, పచ్చ ఓణీ కొస. ఆ ఓణీ తనదే. కొంగుతో ఫోను అద్దాన్ని తుడిచింది, తుడవాల్సింది అద్దం కాదని తెలిసినా.

నవ్యశ్రీ స్టూడియోలో ఆ బొమ్మను పెద్దదిగా తీయించి ఫ్రేము కట్టించింది. ఇద్దరూ బస్సులో ఉదయగిరి పోయి, పల్లెలో సుబ్బరత్నమ్మ తమ్ముడు వెంకటరమణ ముందు పెట్టారు. తండ్రి చేతి బెత్తం దెబ్బలు తిని పెరిగిన మనిషి, ఇప్పుడాయనకే అరవై దాటాయి. ఎల్సీ వచ్చినప్పుడు నెల్లూరు హాస్టల్లో ఉన్నాడు.

ఆయన దాన్ని చూస్తూ మంచం మీద కూర్చున్నాడు.

"ఈయన నాకు తెలీదక్కా."

"నాయనేరా."

"నేను హాస్టల్లో ఏడుస్తా ఉంటే, మీరంతా ఈడ ఇట్లా నవ్వుకుంటా ఉంటిరా?"

సుబ్బరత్నమ్మ పోయి తమ్ముడి పక్కన కూర్చుంది. ఆయన ఫ్రేమును ఒళ్లోకి తీసుకుని, తండ్రి నోటి దగ్గర వేలు పెట్టాడు.

"ఆమె ఏం చెప్తే నవ్వినాడు?"

అక్క జడ్జీల ముక్కుల సంగతి చెప్పింది. వెంకటరమణ నవ్వలేదు గానీ, "ఇంకా?" అన్నాడు.

సుబ్బరత్నమ్మ కాళ్లు మంచం మీదికి ముడుచుకుని, "మొదట ఇంటి ముందుకొచ్చి ఏమన్నిందో చెప్తా, ఉండు" అంటూ మొదలుపెట్టింది.