వేడి పని

"కాలర్ మీద ఇంకోసారి ఇస్త్రీ పెట్టె తిప్పు వెర్నా. ఇవాళ హాస్కెట్ గారు వస్తారు," అన్నాడు రోయిస్, నేను వేయించిన గుడ్లు తింటూ.

తిప్పాను. ఇవాళ వేడి పని మరి. మా టెనెసీ ల్యాబులో వేడి అంటే పొయ్యి మీది వేడి కాదు, రేడియోధార్మికత. ఏ పద్ధతినైనా ముందు మామూలు లోహాలతో చేసి చూస్తే అది చల్ల పని, అసలు సరుకుతో చేస్తే వేడి పని. అమెరీషియం నుంచి క్యూరియాన్ని విడదీసే పద్ధతి నాది. ఈ రేడియోధార్మిక లోహాలు రెండూ కవలపిల్లల్లా ఒకదాన్నొకటి వదలవు. రెసిన్ గుళికలు నింపిన గొట్టంలోంచి ఆమ్లాన్ని బొట్టు బొట్టుగా దించి, ఒకటి ముందూ ఒకటి వెనకా వచ్చేలా చేయడానికి నాకు రెండేళ్లు పట్టింది. చల్ల పనులన్నీ నాచేత చేయించుకున్నారు. వేడి పని నా మొగుడు రోయిస్‌కిచ్చారు.

"రేపు పిల్లల్ని కనాల్సినదానివి, నీకెందుకమ్మా ఈ గొడవ?" అన్నాడు హాస్కెట్, మా విభాగం పెద్ద. సరుకు ఉండేది మీటరు మందం గాజు అవతల. మగవాణ్ణి కాపాడే గాజు ఆడదాన్ని కాపాడదా అని అడిగితే నవ్వాడు. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నాకు కంపరం. మా అత్తగారు ఓపల్ ఆదివారం చర్చి నుంచి రాగానే నా పొట్ట వైపే చూస్తుంది. "మావాడు అంత పేరు తెస్తున్నాడు, నువ్వు ఒక్క మనవణ్ణి ఇవ్వలేవా?" అంటుంది. ఆ పేరు ఎక్కణ్ణుంచి వస్తోందో ఆవిడ కొడుక్కి తెలుసు. నేను గిన్నెలు కడుగుతుంటే వెనక చేరి, "ఆమ్లం గాఢత ఎంతన్నావ్?" అని అడిగేది అతనే. చెప్పేదాన్ని. మర్నాడు మీటింగులో అది అతని నోట్లోంచి వచ్చేది. ఒళ్లు మండిపోయేది. అయినా మళ్లీ అడిగితే మళ్లీ చెప్పేదాన్ని.

కారులో వెళ్తూ కూడా చెప్పాను. అసలు సరుకు తన చుట్టూ ఉన్న నీటిని చీల్చి గ్యాసు పుట్టిస్తుంది, గొట్టంలో బుడగలు చేరితే గుళికలు చెదిరి, విడిపోయినవి మళ్లీ కలిసిపోతాయి అన్నాను.

"నీ చల్ల పనిలో ఒక్క బుడగైనా వచ్చిందా? రాలేదుగా! ఊరికే కంగారుపెట్టకు," అన్నాడు.

చల్ల పనిలో ఎలా వస్తుంది?

గాజు ముందు కూర్చుని రోయిస్, అవతలి సరుకును ఇవతలి నుంచే కదిలించే మరచేతుల పిడులు పట్టుకున్నాడు. వెనక నిలబడి మీటరు అంకెలు చదవడం నా పని. రియాక్టరులో ఏడాదిపాటు ఉంచి తీసిన సరుకంతా ఆ సన్నటి గొట్టంలోనే ఉంది. సగంలో మొదటి బుడగ కనపడింది. కాసేపటికి గుత్తులు గుత్తులుగా లేచాయి. రోయిస్ మెడ మీద చెమట కారుతోంది.

"వెర్నా, ఏం చేయాలి? నువ్వు చెప్పు, నేను చేస్తాను."

కింది కుళాయి బిగిస్తూనే పైనుంచి ఒత్తిడి పెంచాలి. అప్పుడు బుడగలు ద్రవంలోనే అణిగిపోతాయి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే సరుకు దక్కుతుంది, పేరు అతనికి పోతుంది, నేను మళ్లీ గిన్నెల దగ్గరికి పోతాను. చెప్పకుండా నిలబడితే నా రెండేళ్ల పని బూడిదవుతుంది.

"చెప్పను," అన్నాను. "లే."

"పిచ్చా నీకు? హాస్కెట్ చూశాడంటే..."

"లే రోయిస్! గుళికలు చెదురుతున్నాయి."

లేచాడు. కూర్చుని మరచేతుల పిడులు పట్టుకున్నాను. కుళాయి కొంచెం బిగించాను, ఒత్తిడి కొంచెం పెంచాను, మళ్లీ బిగించాను. బుడగలు చిన్నవయ్యాయి, ఒక్కొక్కటే మాయమయ్యాయి. గుళికలు కుదురుకున్నాయి.

తలుపు తెరుచుకుంది. హాస్కెట్.

"ఇదేంటి రోయిస్, మీ ఆవిడని కూర్చోబెట్టావ్? ఏమ్మా, పుట్టబోయే పిల్లల సంగతి ఆలోచించావా?"

"ఆలోచించాను హాస్కెట్ గారూ. కనకూడదని పోయినేడే అనుకున్నాను," అన్నాను, గొట్టం మీంచి చూపు తీయకుండా. "రోయిస్‌కి ఇప్పుడే తెలిసింది. కాస్త తేరుకున్నాక, ఆ మీటరు అంకెలు చదవమనండి."