కదిలే పళ్ళు

మా అన్న బక్కయ్యకు గొడ్ల నోరు తెలిసినంతగా ఇంకేదీ తెలియదు. సంతలో ఎద్దు పెదవి ఎత్తి, బొటనవేలితో పళ్ళు తడిమి, ఇది నాలుగు పళ్ళ కోడె, దీనికి ఇంకా సత్తువ ఉంది, దాని పని అయిపోయింది అని చెప్పేస్తాడు. పెద్దమందడి చుట్టుపక్కల ఎవరు కాడెడ్లు కొన్నా ముందు ఆయనను వెంటబెట్టుకుపోవాల్సిందే. ఆ గౌరవం కాస్తా నెత్తికెక్కింది. ఇదంతా నైజాం కాలం మాట. వాళ్ళ పక్కింట్లోనే మా ఇంటాయనతో నా కాపురం కాబట్టి అన్నీ కళ్ళారా చూశాను.

వదిన జములమ్మకు చిగుళ్ళు ఉబ్బాయి. జొన్నరొట్టె కొరికితే ముక్కకు నెత్తురు అంటుకునేది. పళ్ళ మొదళ్ళలో గార నల్లగా గడ్డకట్టింది. నోటి వాసనకు సిగ్గుపడి, మాట్లాడినా నవ్వినా కొంగు అడ్డం పెట్టుకునేది. మా అమ్మ చివరి కాలంలో పళ్ళన్నీ పోయి, రొట్టెను పులుసులో నానేసుకుని చప్పరించేది. వదిన ఆమెకు చాకిరీ చేసిన మనిషి. తనకూ అదే గతి పడుతుందేమోనని ఆమె భయం. ఇంకా చిన్నపిల్లల తల్లి, ముసలిది కాదు.

కింది ముందరి పళ్ళు కదలడం మొదలయ్యాక అన్నకు చెప్పింది. ఆయన ఆమె నోరు తెరిపించి, ఎద్దుకు చూసినట్టే బొటనవేలితో నొక్కి తేల్చేశాడు.

"ఎద్దుకు ముందరి పండ్లు ఎప్పుడూ జర కదుల్తనే ఉంటయి. అయినా సచ్చేదాక మేస్తది. నీకేం గాదు, పరేషాన్ గాకు."

ఎద్దు సంగతి నిజమే. దాని కింది పళ్ళు కొంచెం ఆడుతూనే ఉంటాయి, గొడ్లు కాసిన ఎవరికైనా తెలిసిందే. అందుకే ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేదు. ఉప్పూ బొగ్గుపొడీ కలిపి రుద్దుకొమ్మన్నాడు. వదిన రుద్దింది. పైపైన తెల్లబడింది గానీ చిగురు కింద గార అలాగే ఉంది. వానలు వెళ్ళాయి, జొన్నకోతలూ అయిపోయాయి. వనపర్తిలో ఆజం హకీం గార తీస్తాడట, ఒకసారి పోదామని వదిన అడిగితే, ఇనుము తగిలితే ఉన్న పళ్ళు కూడా ఊడతాయని కసిరాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా!

ఒకనాడు రొట్టె ముక్కతో పాటు ఒక పన్ను ఊడివచ్చింది. వదిన ఏడవలేదు. దాన్ని కడిగి తెచ్చి, ఎదురుగా కూర్చుని తింటున్న అన్న ఎడమ అరచేతిలో పెట్టింది.

"ఎద్దు పండ్లు చూసి వయసు చెప్తవు గద. దీని వయసు చెప్పు."

అన్న దాన్ని అటూ ఇటూ తిప్పాడు. వేరు పొడుగునా నల్లటి గార పట్టి ఉంది. తింటున్నవాడు లేచి చెయ్యి కడుక్కున్నాడు. తెల్లారి బండి కట్టాడు. తోడుగా నేనూ ఎక్కాను.

హకీం పనిముట్లు వేడినీళ్ళలో మరగబెట్టి, వదినను వెలుతురుకేసి కూర్చోబెట్టాడు. కొన వంగిన సన్నటి ఇనుపపుల్లను చిగురు కిందికి పోనిచ్చి గీకుతుంటే, నల్లటి పెచ్చులు గుడ్డ మీద రాలాయి. నెత్తురు చూసి అన్న ముఖం పాలిపోయింది. వదిన నా చేతిని పిప్పి చేసింది. ఇంకో రెండు పళ్ళకు కింద పట్టు లేదు, అవి పోతాయి, ముందే వచ్చి ఉంటే నిలిచేవి అన్నాడు హకీం. మిగతావి గట్టిపడతాయట, మళ్ళీ వచ్చి శుభ్రం చేయించుకుని, తుమ్మచెక్క కషాయం పుక్కిలిస్తూ ఉండాలట.

మా అన్న అప్పుడైనా ఊరుకోవచ్చు కదా. ఎద్దుకు కదుల్తూనే ఉంటాయి, అదేమో బాగానే మేస్తుంది, మనిషికెందుకు ఇలా అవుతుందని హకీంను అడిగాడు. హకీం బదులిచ్చేలోగా వదిన నోట్లోని నెత్తురు గిన్నెలో ఉమ్మేసింది.

"ఎద్దుకు మీది దవడకు ముందరి పండ్లు ఉండవు, కిందియి ఆడినా మెత్తటి చిగురుకే తగుల్తయి. నాకున్నయి."

ఎద్దుల నోళ్ళు చూస్తూనే బతికిన మనిషికి ఆ మాట చెప్పాల్సివచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు అన్న ఎడ్లనే చూస్తూ బండి తోలాడు. బాగా అయిందనుకున్నాను. ఊరు దగ్గరపడేసరికి జాలి కూడా వేసింది.

ఆ తర్వాత తుమ్మచెక్క కషాయం రోజూ ఆయనే కాచి ఇచ్చేవాడు. చిగుళ్ళ వాపు దిగింది, నెత్తురు ఆగింది. కింద ముందరి పళ్ళు మూడు పోయాయి, తక్కినవి నిలబడ్డాయి. వదిన పక్కపళ్ళతో రొట్టె నమలడం నేర్చుకుంది.

మరుసటి ఏడు సంతలో గోపాల్‌పేట అనంతయ్య ఒక కోడెను బేరమాడుతూ, పళ్ళు కదులుతున్నాయి, రోగమేమోనని అన్నను అడిగాడట. ఆయన చెప్పిన మాట మా ఇంటాయన విని వచ్చి నాకు చెప్పాడు.

"ఎద్దుకు కదుల్తయి, కొనుక్కో. ఇంట్ల మనిషికి కదిల్తే మాత్రం నన్ను అడగకు, వనపర్తికి పో."

వెళ్ళి వదినకు చెప్పాను. ఆమె రొట్టె తడుతూ విని, పగలబడి నవ్వింది. కింద మూడు పళ్ళ సందు కనబడింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు.