వసారా మధ్యలో సుద్దగీత

ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారంటే: కుట్టుమిషను ముందు పెద్దక్క, కిటికీ పక్క కుర్చీలో వాళ్ళమ్మ, ఎప్పుడో గాని సెలవు దొరకని బస్సు డ్రైవరు తమ్ముడు, వంటింట్లో అతని పెళ్ళాం, మంచం కింద దూరి తను ఎవరికీ కనపడటం లేదనుకుంటున్న వాళ్ళ బుడ్డది. వీళ్ళు ఇంటివాళ్ళు. ప్రార్థనకు వచ్చినవాళ్ళు ఇద్దరే: బేకరీ అత్త, రిటైరైన నర్సమ్మ. మామూలుగా అయితే వసారా నిండిపోతుంది. ఆ రోజు ప్రభుత్వం తరఫున మనిషి వస్తున్నాడని తెలిసేసరికి ఒకావిడకు తలనొప్పి వచ్చింది, ఇంకొకావిడకు చుట్టాలు వచ్చారు.

"సింహాల బోనులో పడేస్తారనుకున్నారు కాబోలు" అంది బేకరీ అత్త. "వచ్చేది ఒక్కడు. చేతిలో టేపు. దానికే ఇంత విశ్వాసం ఆవిరైపోయింది."

పెద్దక్క నవ్వలేదు. కాజాలు కుడుతున్న చొక్కాను మడిచి పక్కన పెట్టింది. వీధిలో అందరికీ ఆమె పెద్దక్కే. మొగుడు పోయిన ఏడాదే పుట్టింటికి వచ్చేసి ముందుగదిలో మిషను వేసుకుంది. పిల్లలు లేరు. వీధిలో ఎవరికి బిడ్డ పుట్టినా మొదటి చొక్కా మాత్రం ఆమే కుట్టేది, కుట్టుకూలి అడిగేది కాదు.

ఎదురుగా క్లినిక్ ఉంది. కడుపు తీయించుకోవాలనుకునే ఆడవాళ్ళు అక్కడికి వస్తారు. చట్టం ఒప్పుకున్న పనే. పెద్దక్క మనసు మాత్రం ఒప్పుకోలేదు. "కుట్టడం మొదలుపెట్టిన చొక్కాను పట్టుకుని గుడ్డపేలిక అంటామా? దేవుడు మొదలుపెట్టాడు, మనం ఆగాలి" అనేది. అందుకే వారం వారం నలుగురు ఆడవాళ్ళను పోగేసి, వసారాలో కూర్చుని, ఆ గేటు దాటే తల్లుల కోసం పైకి వినపడేలా ప్రార్థన చేసేది. ఎవరినీ అడ్డుకోలేదు, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. కానీ వేరేచోట్ల వేరేవాళ్ళు అన్నారు. దారికి అడ్డం నిలబడ్డారు, ఏడుస్తూ వెళ్తున్న పిల్లను హంతకురాలా అని అరిచారు. దాంతో కొత్త చట్టం వచ్చింది. క్లినిక్ తలుపు నుంచి ఫలానా దూరంలోపు ఎవరూ నిలబడి పాడకూడదు, వినపడేలా ప్రార్థన చేయకూడదు.

"ఎవడో రాయి విసిరాడని వీధిలో అందరి చేతులూ కట్టేస్తారా?" అని పెద్దక్క ఆఫీసుకు ఉత్తరం రాసింది. "మోకాళ్ళు బలవంతంగా వంచితే అది భక్తి కాదు. బలవంతంగా లేపితే అది న్యాయమూ కాదు" అని కూడా రాసింది. ఆ మాట రాశాక తనే రెండుసార్లు చదువుకుని మురిసిపోయింది. సొంత ఇంట్లో ప్రార్థన చేసుకునేవాళ్ళకు మినహాయింపు ఉండొచ్చు, మనిషిని పంపుతాం, చూసి వింటాడు అని జవాబు వచ్చింది.

వచ్చినాయన సన్నగా, కళ్ళద్దాలతో, ఎవరి నెత్తిమీదా పిడుగు వేసేవాడిలా లేడు. టేపు ఒక కొస తమ్ముడి చేతికిచ్చి క్లినిక్ తలుపు దగ్గరకు పంపాడు. అక్కడి వాచ్‌మన్ "ఏం బాబూ, స్థలం కొంటున్నారా?" అని ఎగతాళి చేస్తుంటే తమ్ముడు సిగ్గుపడుతూ కొస పట్టుకు నిలబడ్డాడు. కొలిచి చూస్తే చట్టం వసారా మధ్యలో వచ్చి ఆగింది. కొలతలాయన సుద్దముక్కతో గీత గీశాడు. అప్పుడే వసారాలోకి కుర్చీ మార్పించుకుని కూర్చున్న అమ్మ ఒళ్ళు గీతకు ఇవతల, కాళ్ళు అవతల.

"అయ్యో పిన్నీ! నీ కాళ్ళు జైలుకీ, నువ్వు పరలోకానికీ" అంది బేకరీ అత్త.

"మోకాళ్ళ నొప్పులు జైలువాళ్ళే చూసుకుంటారులే" అంది అమ్మ. కొలతలాయన కూడా నవ్వాడు.

"గీతకేముందిలెండి" అన్నాడు. "ఇంటివాళ్ళు గనక మినహాయింపు రాయొచ్చు. కానీ మీ ప్రార్థన ఎలా ఉంటుందో నేను వినాలి. ఎవరినైనా తిడతారా, బెదిరిస్తారా అన్నది చూడాలి."

"ఇప్పుడా?" అంది పెద్దక్క.

"రోజూ ఎలా చేస్తారో అలాగే. నేను లేననుకోండి."

"ఎదురుగా ఉన్న మనిషిని లేడనుకోవడం ఎలాగండీ?"

"కనపడని దేవుణ్ణి ఉన్నాడనుకోవడం లేదూ? ఇదీ అంతే, మొదలుపెట్టు" అంది బేకరీ అత్త.

పెద్దక్క కొంగు సర్దుకుని కళ్ళు మూసుకుంది. మామూలుగా చేసే ప్రార్థనే చేద్దామనుకుంది. కానీ రెండు రోజులుగా ఆమెకు తిండి సయించడం లేదు, కంటిమీద కునుకు లేదు. మొన్న సాయంత్రం ఆరిన బట్టలు తీస్తుంటే మరదలు పక్కకు వచ్చింది. కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే ఆ పిల్ల మామూలుగా ఆడపడుచుతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడేది కాదు.

"వదినా, నీకొక్కదానికే చెప్తున్నా. నెల తప్పింది. మీ తమ్ముడికి కూడా తెలీదు" అంది. "ఉంచుకోవాలో వద్దో నాకే తేలట్లేదు. మొదటి కాన్పు గుర్తొస్తే ఒళ్ళు చల్లబడిపోతోంది."

మొదటి కాన్పులో రక్తం ఆగక ఆ పిల్ల చావు గడప తొక్కి వెనక్కి వచ్చింది. పెద్దక్క ఆస్పత్రి వరండాలో తెల్లారేదాకా నేలమీద కూర్చుని ఉంది. అందుకే మొన్న నోరు మెదపలేదు. దుప్పటి రెండో కొస పట్టుకుని మడత పెట్టించింది.

"ఏంటి వదినా, బైబిలు తీస్తావనుకున్నా."

"తీస్తే పారిపోతావుగా."

ఇద్దరికీ నవ్వొచ్చింది. "నన్ను కాస్త ఆలోచించుకోనీ. అందాకా ఎవరికీ చెప్పకు" అంది మరదలు. "నోరెత్తను, సరేనా" అంది పెద్దక్క. ఆ ఇంటికి కోడలై వచ్చాక ఆ పిల్ల తనంతట తాను పెద్దక్క భుజంమీద చెయ్యి వేయడం అదే మొదలు.

ఆ భారం ఎక్కడ దింపుకోవాలి? పెద్దక్కకు దేవుడి దగ్గర దింపుకోవడమే తెలుసు. ఆయనతో లోలోపల మాట్లాడుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. దారం ఎక్కించకుండా మిషను తొక్కినట్టు ఉంటుందనేది.

"తండ్రీ" అని మొదలుపెట్టింది. "ఆ గేటు దాటి వెళ్ళే బిడ్డలకు మేము తీర్పు తీర్చం. వాళ్ళ కష్టం మాకేం తెలుసు? నీకే తెలుసు. వాళ్ళకు తోడుగా ఉండు." అక్కడ ఆగితే సరిపోయేది. కొలతలాయన పెన్ను అప్పటికే ఆగింది. కానీ గొంతు ఒకసారి తెరుచుకున్నాక ఆమె చేతిలో ఉండదు. "మాకు దూరపు కథ కాదు ప్రభువా. మా కప్పు కిందే ఒక బిడ్డ భయంతో వణుకుతోంది. మొదటి కాన్పులో చచ్చి బతికింది. కట్టుకున్నవాడికి కూడా చెప్పుకోలేక లోపలే నలిగిపోతోంది. ఆ తల్లినీ, కడుపులో ఉన్న నలుసునీ, ఇద్దరినీ నువ్వే కాయాలి. దాని మనసు ఆ గేటు వైపు తిరగకుండా చూడు తండ్రీ. దానికి ధైర్యమివ్వు. మేమందరం ఉన్నామని..."

మాట పూర్తి చేయకుండానే కొంగుతో ముఖం కప్పుకుంది. "ఆమేన్" అంది నర్సమ్మ కళ్ళు తుడుచుకుంటూ. కొలతలాయన కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

పేరు ఎత్తలేదు. ప్రార్థనలో పేరు ఎత్తకుండా చెప్పడం వాళ్ళకు అలవాటే. పేరు చెప్పకపోతే రహస్యం రహస్యంగానే ఉన్నట్టు. కానీ ఆ కప్పు కింద కాపురముండే ఆడవాళ్ళలో ఒకరు ముసలమ్మ, ఒకరు మొగుడు లేని పెద్దక్క. మూడో మనిషి టీ కప్పుల పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవరక్కా?" అన్నాడు తమ్ముడు. అడిగాక వెనక్కి తిరిగి చూశాడు.

ఆ తర్వాత ఒక్కసారిగా తేనెతుట్టె కదిలినట్టయింది. బేకరీ అత్త "స్తోత్రం!" అని ఎగిరి వెళ్ళి, పళ్ళెం ఉందని కూడా చూడకుండా మరదలి మెడ కావలించుకుంది. "పిచ్చిదానా, భయమెందుకే? మేమంతా చచ్చామా? పుట్టగానే మొదటి కేకు నాదే!" నర్సమ్మ మంచి డాక్టరమ్మ ఒకావిడ ఉందని, ఈసారి దగ్గరుండి చూసుకుంటానని మొదలుపెట్టింది. "మగపిల్లాడే. దాని నడకలోనే నేను కనిపెట్టా" అంది అమ్మ. మంచం కింద నుంచి బూజుతో బయటికొచ్చిన బుడ్డది తల్లి కుచ్చిళ్ళు పట్టుకుంది. "అమ్మా, తమ్ముడా చెల్లా? నా పక్క నేను ఇవ్వను, ముందే చెప్తున్నా."

మరదలు బేకరీ అత్త చేతులు విడిపించుకుంది. పళ్ళెం తీసుకెళ్ళి మిషను బల్లమీద పెట్టింది. చేతులు వణకలేదు. అది చూసే పెద్దక్కకు భయం వేసింది.

కొలతలాయన లేచాడు. "మీ ప్రార్థనలో చట్టానికి అడ్డొచ్చేది ఏమీ లేదండీ. ఎవరినీ తిట్టలేదు, బెదిరించలేదు. మినహాయింపు వస్తుంది" అన్నాడు. అన్నాక మరదలి వైపు చూసి, ఇంకేదో అనబోయి, "నాకు టీ వద్దమ్మా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

గెలిచినట్టే. ఎన్ని రోజులుగానో ఎదురుచూసిన మాట అదే.

"వదినా" అంది మరదలు.

"నేనెవరికీ చెప్పలేదమ్మా. నీ మీద ఒట్టు. పేరు కూడా ఎత్తలేదు. దేవుడికే చెప్పుకున్నా."

"దేవుడికి చెవుడా?"

ఆ ఒక్క మాట అని లోపలి గదిలోకి వెళ్ళింది. వెనకాలే తమ్ముడు వెళ్ళాడు. గోడ అవతల అతని గొంతు లేచింది, తగ్గింది, మళ్ళీ లేచింది. "నాకెందుకు చెప్పలేదు? నేను పరాయివాణ్ణా?" అన్నది మాత్రం తెలిసింది. ఆమె గొంతు ఒక్కసారి కూడా వినపడలేదు. కాసేపటికి అతను బయటికి వచ్చి అక్క పక్కన కూలబడ్డాడు.

"ఉంచుకుంటుందిలే అక్కా."

"తను అందా?"

"అనడమేంటి? ఇంతమందికి తెలిశాక ఇంకేం చేస్తుంది?"

బేకరీ అత్త రెండు చేతులూ పైకెత్తింది. "చూశావా పెద్దక్కా! ఆమేన్ అన్న నోరు ఇంకా ఆరలేదు, జవాబు వచ్చేసింది."

పెద్దక్కకు సంతోషం రావాలి. బిడ్డ దక్కింది. ఆ బిడ్డ కోసమే కదా రెండు రాత్రులు నిద్ర లేకుండా దొర్లింది. కానీ మింగిన సంతోషం ముల్లులా గొంతుకు అడ్డం పడింది. బలవంతంగా వంచిన మోకాలు భక్తి కాదని తను ఆఫీసుకు రాసిన ముక్క గుర్తొచ్చింది. దేవుడు మనిషిని పిలిచి, మనిషి ఔననేదాకా గుమ్మం బయట ఓపిగ్గా నిలబడతాడని ఎంతమంది పిల్లలకు ఆదివారం పాఠం చెప్పింది తను! ఈ పిల్లను మాత్రం ఔనననివ్వలేదు. కేకులతో, స్తోత్రాలతో, కావలింతలతో చుట్టుముట్టి మెడలు వంచారు. చట్టం దాన్ని తప్పనలేదు. చట్టం తప్పనకపోతే తప్పు కాకుండా పోతుందా అని ఎదుటి గేటును చూపించి నలుగురికీ చెప్పింది కూడా తనే.

"ఇవాళ్టికి వెళ్ళండి" అంది.

"ఇంకా పాట పాడలేదుగా?" అంది నర్సమ్మ.

"వెళ్ళండమ్మా. మీ కాళ్ళకు మొక్కుతా."

వాళ్ళు ముఖాలు చూసుకుని వెళ్ళిపోయారు. తమ్ముడు బుడ్డదాన్ని ఎత్తుకుని వీధిలోకి నడిచాడు. అమ్మ కుర్చీలోనే కునికింది. పెద్దక్క లేచి, చీర కుచ్చిళ్ళకు అంటుకున్న దారప్పోగులు ఒక్కొక్కటే తీసుకుంటూ కాసేపు ఆలస్యం చేసింది. ఇంక తీయడానికి పోగులేవీ మిగలకపోయేసరికి వెళ్ళి లోపలి గది తలుపు తట్టింది.

మరదలు తలుపు తీసింది. ఏడ్చిన జాడ లేదు. దుకాణంలో బేరానికి వచ్చినవాళ్ళను చూసినట్టు చూసింది.

"నేను అబద్ధం చెప్పనమ్మా" అంది పెద్దక్క. "ఆ బిడ్డ బతకాలని నాకుంది. ఇప్పటికీ ఉంది. కానీ ఇలా కాదు. నీ అంతట నువ్వు అనుకోవాలి."

"ఇంకెక్కడ అనుకోను వదినా? వెళ్తే వీధంతా హంతకురాలంటుంది. వెళ్ళకపోతే మీ ప్రార్థన ఫలించిందంటుంది." ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది. "మొన్నటిదాకా రాత్రి పడుకున్నాక కడుపుమీద చెయ్యి వేసుకునేదాన్ని. ఉంచుకుందామనే అనిపించేది ఒక్కోసారి. నిజంగా. నీకు చెప్పాక ఇంకా ఎక్కువ అనిపించింది. ఇప్పుడు చెయ్యి వేసుకుంటే బేకరీ అత్త చెయ్యి తగులుతోంది."

పెద్దక్క తలుపు చట్రం పట్టుకుంది. "డాక్టరు దగ్గరికి నేను తోడొస్తా. నువ్వు ఏమనుకున్నా సరే. ఆ గేటు లోపలికి రాలేను, అది నా చేత కాదు. బయట కూర్చుంటా. నిన్ను ఇంటికి తీసుకొస్తా. నోరెత్తను."

"మొన్న కూడా అదే అన్నావు."

"తప్పయిపోయింది. నన్ను క్షమించు తల్లీ."

మరదలు ఆమెను చూసింది. ఆ చూపులో కోపం కన్నా అలసట ఎక్కువ ఉంది.

"అది కూడా దేవుణ్ణే అడుగు వదినా" అంది. "ఈసారి మెల్లగా అడుగు."

తలుపు నెట్టింది. వానకు ఉబ్బిన తలుపు, ఒక పట్టాన పడదు. జానెడు సందులో ఆమె చీర అంచు కనపడుతూనే ఉంది. పెద్దక్క ఇవతలి నుంచి తలుపుమీద చెయ్యి వేయబోయి ఆగిపోయింది. లోపలి నుంచి మరదలు భుజం ఆనించి ఇంకొకసారి నెట్టింది. తలుపు మూసుకుంది.