వదిన అడ్డం నిలబడిన బొమ్మ

భోజనం గిన్నె మూత తీయబోతూ తలెత్తిన వదినకి గోడ మీద మొగుడు కనిపించాడు. నాలుక వేలాడేసుకుని, చంకలో సీసా పెట్టుకుని, బాయిలరుకి ఆనుకుని నిద్రపోతున్నాడు. కింద పేరు కూడా రాసి ఉంది.

గుడ్డలకి రంగులద్దే ఆ కార్ఖానాలో, కడుగుడు తొట్టి దగ్గర పనిచేసే ఈవిడని అందరూ వదినా అనే పిలుస్తారు. భోజనాల గది గోడ పనివాళ్ళది. మిగిలిన రంగుతో ఎవరికేం తోస్తే అది గీసేవాళ్ళు. మేనేజరుని వెక్కిరించి వెక్కిరించి చేతి తొడుగులు సాధించుకున్నది ఆ గోడ మీదే. ఇప్పుడు రెండో బాయిలరు కారుతోందని పెద్ద బొమ్మ వేసి పెట్టారు. మొదటిది పేలినప్పుడే వదిన మొగుడు పోయాడు. తాగి నిద్రపోయాడని కంపెనీ చేతులు దులుపుకుంది. ఆ మనిషి జన్మలో చుక్క ముట్టలేదు.

వదిన మొగుణ్ణి అలా గీసింది కొత్తగా చేరిన బొమ్మలోడు. దాచుకోలేదు కూడా.

"నవ్వుకోడానికి వేశాన్రా! నా మీద నేను వేసుకోలేదా?"

"చచ్చినోడి మీదేంట్రా నీ నవ్వులు!" రంగులు మరిగించే ఉడుకు తొట్ల వాళ్ళు వాడి కాలరు పట్టుకున్నారు.

వదిన గిన్నె పక్కకి నెట్టేసింది. వాడి చెయ్యి విరిచేయాలన్నంత కోపంగా ఉంది ఆమెకి.

అంతలో మేనేజరు దిగాడు, ఇద్దరు పోలీసుల్నీ, సున్నం బకెట్టుతో కూలీల్నీ వెంటేసుకుని. ఆయన మొహంలో ఎంత జాలో!

"అమ్మా, నీ మనసు నొచ్చుకుందని వీళ్ళకి ఒక్క మాట చెప్పు చాలు. వీణ్ణి లోపలేయిస్తాను, గోడకి సున్నం కొట్టిస్తాను. ఇకమీదట ఎవర్నీ నొప్పించే రాత ఇక్కడ ఉండదు."

"చెప్పెయ్ వదినా, పీడా పోతుంది!" అన్నారు ఉడుకు తొట్ల వాళ్ళు.

"గోడ పోతే బాయిలరు సంగతి ఎక్కడ చెప్పుకుంటాంరా?" పనివాళ్ళ సంఘం పెద్దాయన అడ్డుపడ్డాడు.

"నీ తమ్ముణ్ణి గీస్తే ఇలాగే అనేవాడివా?" వాళ్ళలో ఒకడు ఆయన మీదకి వచ్చాడు.

పెద్దాయన వెనక్కి తగ్గాడు. నిజమే మరి, నొప్పి ఆయనది కాదు.

వదిన లేచింది. "నొచ్చుకుంది. ఎంతని చెప్పను!"

పోలీసు బొమ్మలోడి రెక్క పట్టుకున్నాడు.

"ఆగు బాబూ, నా మాట అవలేదు. మేనేజరుగారూ, మా ఆయన తాగి చచ్చాడని మొట్టమొదట అన్నది మీరు. శవం గేటు దాటకముందే అన్నారు. ఆ రోజు నా మనసు గుర్తు రాలేదే? ఈ తెలివితక్కువ వెధవ మీ మాటనే బొమ్మ చేశాడు. వీణ్ణి తీసుకుపోతే మీ అబద్ధం పోదు, మా గోడ పోతుంది. వీడి సంగతి మేం తేల్చుకుంటాం."

"కొట్టండ్రా సున్నం!" మేనేజరు జాలి ఎటు పోయిందో పోయింది.

సున్నం కుంచె ముందు వెళ్ళింది బాయిలరు బొమ్మ మీదకి. అందరూ చూశారు. పెద్దాయన పరుగున వెళ్ళి దానికి అడ్డం నిలబడ్డాడు. మరో పదిమంది కలిశారు. వదిన మొగుడి బొమ్మ దగ్గరికి మాత్రం ఎవరూ పోలేదు. ఎవరికి మనసొప్పుతుంది?

వదినే వెళ్ళింది. నాలుక వేలాడేసుకున్న ఆ మొహానికి వీపు ఆనించి నిలబడింది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి.

"దీన్ని చెరపనిస్తే రేపు ఏది చెరపాలో వాళ్ళే చెబుతారు. రండి!"

ఉడుకు తొట్ల వాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. బొమ్మలోడూ విడిపించుకుని వచ్చాడు.

"నువ్వు నా పక్కన నిలబడకు," అంది. వాడు వరస చివరికి పోయి నిలబడ్డాడు.

లాఠీలు లేచాయి. వదిననీ బొమ్మలోణ్ణీ ఈడ్చుకెళ్ళి ఒకే బండిలో పడేశారు.

"ఆయన తాగడని నాకు తెలీదు వదినా. అందరూ అంటుంటే..."

"నన్నడిగావా?"

కార్ఖానాలో మిషన్ల మోత ఆగిపోయింది. జనం గేటు దాటి వచ్చి బండికి అడ్డంగా రోడ్డు మీద కూర్చుంటున్నారు.

"వదినా..." అని వాడు మళ్ళీ మొదలెట్టాడు.

"ఇక్కడ కాదు. బయటికెళ్ళాక ఆ గోడ ముందు నిలబెట్టి, మనవాళ్ళందరి ఎదుటా అడుగుతాను. అప్పుడు చెప్పు. ఈ పోలీసుల ముందు నాకేం చెప్పకు."